బొప్పాయి ముక్కలు ఏరి మూత మీద పెట్టాను

జూలై నెలాఖరు. నాకు పద్నాలుగో వారం. చెన్నై షోళింగనల్లూరులో మా ఆఫీసు కింద ఫుడ్ కోర్టు ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనం సగమే తినగలిగాను, పండ్లైనా తిందామని ముక్కల డబ్బా ఒకటి కొన్నాను. పుచ్చకాయ, కర్బూజ, దానిమ్మ గింజలు, వాటి మధ్యలో నారింజ రంగులో బొప్పాయి. ప్లాస్టిక్ ఫోర్కుతో ఒక్కో బొప్పాయి ముక్కా తీసి డబ్బా మూత మీద పెట్టాను. మొత్తం ఏడు ముక్కలు. బొప్పాయి రసం అంటిన కర్బూజ ముక్క ఒకటి కనిపిస్తే దాన్ని టిష్యూతో తుడిచాను కూడా. అంత జాగ్రత్త! తర్వాత మిగిలినవన్నీ నిశ్చింతగా తినేశాను.

రాత్రి పదకొండింటికి కడుపులో మెలిపెట్టడం మొదలైంది. తెల్లారేసరికి నాలుగు వాంతులు, లెక్కలేనన్ని విరేచనాలు, 101 జ్వరం. మా ఆయన ఆటో కోసం వీధిలోకి పరిగెత్తితే నేను బాత్రూం గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాను. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తూ డాక్టరమ్మ అడిగారు, నిన్న ఏం తిన్నావని. ఆవిడ తమిళావిడ. నాతో ఇంగ్లీషు, తమిళం కలిపి మాట్లాడతారు, నేను ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"పండ్లు తిన్నాను డాక్టర్. బొప్పాయి మాత్రం ముట్టుకోలేదు" అన్నాను, ఏదో మార్కులు వేస్తారన్నట్టు.

ఆవిడ దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "ఆ పండ్లు ఎన్నింటికి కోశారు?" అన్నారు. తెలియదు. "కోసేముందు కాయ కడిగారా? ఏ నీళ్ళతో? కోసిన తర్వాత డబ్బా ఫ్రిజ్‌లో ఉందా, బల్ల మీద ఉందా?" తెలియదు. నేను కొన్నప్పుడు డబ్బా చల్లగా లేదన్న సంగతి మాత్రం అప్పుడు గుర్తొచ్చింది.

నా జబ్బుకి ఆ డబ్బాయే కారణమని ఎవరూ పరీక్ష చేసి తేల్చలేదు, కాబట్టి ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ రోజు బయట తిన్నది అదొక్కటే. రెండు సెలైన్ బాటిళ్ళు ఎక్కాక, స్కానింగ్‌లో పాప గుండె చప్పుడు విన్నాక, ఏడుపు ఆగాక, డాక్టరమ్మ అన్న మాట ఇదీ: "ఏ పండు అని కాదమ్మా, ఎప్పుడు కోసిన పండు అని అడుగు."

అప్పటిదాకా నా దగ్గర ఉన్నవన్నీ పేర్ల జాబితాలే.

మే నెలలో నెల తప్పిందని తెలిసిన రోజు సాయంత్రమే నెల్లూరు నుంచి అత్తయ్య ఫోన్ చేశారు. సంతోషం, దీవెనలు అయ్యాక వరసగా చెప్పారు: "బొప్పాయి ముట్టబాకమ్మా, అనాసకాయ వద్దు, నువ్వులు వేడి, గుమ్మడికాయ కోయబాక, వంకాయ దురద." మా అమ్మ ఒంగోలు నుంచి చేసి ఇంకో రెండు కలిపింది. మేము మేడవాక్కంలో మొదటి అంతస్తులో ఉంటాం. కింద ఉండే హౌస్ ఓనర్ అక్క మరో జాబితా ఇచ్చింది. అత్తయ్య వేడి అన్నది అక్క దగ్గర చలువ, అక్క వద్దన్నది అమ్మ దగ్గర బలం. ఇవి చాలవన్నట్టు రాత్రుళ్ళు ఫోన్‌లో నేను వెతికి పోగేసినవి. ఆ నాలుగింటిలో ఉన్నవన్నీ మానేస్తే మిగిలేవి అన్నం, మజ్జిగ.

నిజానికి మొదటి మూడు నెలలూ ఆ సమస్యే రాలేదు, ఏమీ లోపల నిలవలేదు గనక. బంగినపల్లి బుట్టలు వీధి చివర దాకా వాసన కొడుతుంటే నేను ముక్కు మూసుకుని నడిచాను. పోపు వాసన పడదు, కుక్కర్ వాసన పడదు, మా ఆయన సబ్బు వాసన కూడా పడదు. నిలిచినవి మరమరాలు, చల్లటి పెరుగన్నం, నిమ్మకాయ ముక్క మీద ఉప్పు. లేవగానే మంచం మీదే రెండు మరమరాల గుప్పిళ్ళు నమిలి, పావుగంట ఆగి కాళ్ళు కింద పెడితే వాంతి తగ్గేది. ఆ రోజుల్లో ఏది పోషకం ఏది కాదు అని లెక్కలు వేసుకోవద్దని, నిలిచింది తిని, ఫోలిక్ యాసిడ్ మాత్ర మానకుండా వేసుకుంటే చాలని డాక్టరమ్మ చెప్పారు. బిడ్డ వెన్నెముక, మెదడు తయారయ్యేది మొదటి వారాల్లోనే కాబట్టి ఆ మాత్ర ముఖ్యమట.

బొప్పాయి సంగతి ఆస్పత్రి నుంచి వచ్చాక తీరిగ్గా తెలుసుకున్నాను. పచ్చికాయను గాటు పెడితే కారే పాలు ఉన్నాయే, భయం వాటితోనే. ఎలుకల గర్భసంచి కండరం మీద ఆ పాలు వేస్తే గట్టిగా ముడుచుకుందట, బాగా పండిన బొప్పాయి రసం వేస్తే ఏమీ కాలేదట. అంటే పచ్చి బొప్పాయి కూర, సగం పండిన దోరకాయ వద్దనడంలో అర్థం ఉంది. బాగా పండినది రెండు ముక్కలు తింటే ఏమీ కాదని మా డాక్టరమ్మ అన్నారు. అనాసకాయ కూడా మామూలుగా తినే మోతాదులో గర్భం పోగొడుతుందనడానికి రుజువు లేదన్నారు. అయినా నేను తొమ్మిది నెలలూ బొప్పాయి తినలేదు. తింటే ఏదో అవుతుందని కాదు. ఏదైనా అయితే, ఆ బొప్పాయి మాట జీవితాంతం వినాల్సి వస్తుందని. ఈ ముక్క డాక్టరమ్మతో చెబితే "అదీ ఒక కారణమే" అన్నారు.

సెలైన్ సూది గాయం మానకముందే వంటింట్లో మార్పులు మొదలయ్యాయి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా గురించి నేను అప్పుడే మొదటిసారి విన్నాను. మామూలు వాళ్ళ కంటే గర్భిణులకు అది సోకే అవకాశం దాదాపు 10 రెట్లు ఎక్కువ. తల్లికి కాస్త జ్వరం, ఒళ్ళు నొప్పులతో పోవచ్చు గానీ కడుపులో బిడ్డకు ప్రాణాల మీదకి తెస్తుంది. తక్కిన క్రిములు చలికి ముడుచుకుంటే ఇది ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పెరుగుతుంది. 2011లో అమెరికాలో 33 మంది దీనివల్ల పోయారు, దానికి మూలం కర్బూజ పండ్లు. నేను టిష్యూతో తుడుచుకుని మరీ తిన్నది ఆ జాతి పండే. నా జబ్బు లిస్టీరియా అని ఎవరూ అనలేదు గానీ, అది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఇంట్లో ఫ్రిజ్ అంటే ఆదివారం వండిన సాంబారు బుధవారం దాకా ఉండే చోటు. ఆ అలవాటు పోయింది. వండింది రెండు గంటల్లో తినాలి, లేదంటే ఫ్రిజ్‌లోకి, మర్నాడు పొగలు వచ్చేలా మరిగించి ముగించాలి. పండు కాయగా తెచ్చి, కుళాయి కింద రుద్ది కడిగి, కోసిన వెంటనే తినాలి. 20 లీటర్ల వాటర్ క్యాన్ వస్తున్నా నా వరకు కాచి చల్లార్చిన నీళ్ళే. పాలు ఆవిన్ ప్యాకెట్ అయినా పొంగించాకే. ఊళ్ళో గేదె పాలు పచ్చివి తాగడం చలువ అనే పెద్దవాళ్ళు మా వైపు ఉన్నారు, అది మాత్రం ఎవరు చెప్పినా వినకండి. జున్ను గురించి అడిగాను, అత్తయ్య ఊరి నుంచి తెస్తానన్నారు మరి. ఆవిరి మీద బాగా గట్టిపడేలా ఉడికితే తినొచ్చన్నారు. అదొక పండగ నాకు.

ఆశ్చర్యపోయింది మొలకల విషయంలో. ఆరోగ్యమని పొద్దున్నే పచ్చి పెసర మొలకలు తినేదాన్ని. మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనమే క్రిములకూ కావాలి, గింజ లోపలికి చేరినవి కడిగినా పోవు. ఉడకబెట్టి తినమన్నారు. అలాగే చెన్నైలో పొరోటా కొట్టుకి వెళ్తే నేను వదలని ఆఫ్ బాయిల్. మిరియాల పొడి చల్లి, పచ్చసొన పగలకుండా మడిచి నోట్లో పెట్టుకుంటే ఆ సుఖం వేరు. గుడ్డు తినాలి, రోజూ తినాలి, కానీ సొన గట్టిపడేదాకా ఉడకాలి. పొరోటా మాస్టర్ కి "ఫుల్ బాయిల్" అని చెప్పినప్పుడల్లా ఆయన నన్ను జాలిగా చూసేవాడు.

ఆగస్టులో చూసుకోవడానికి అత్తయ్య వచ్చారు, పినాకిని రైల్లో, రెండు సంచులతో. ఆవిడ నెల్లూరు మనిషి, చేపల పులుసు లేని ఆదివారం ఆవిడకు ఆదివారం కాదు. కడుపుతో ఉన్న కోడలికి బలం రావాలంటే సొరచేప పిట్టు చేసి పెట్టాలని ఆవిడ పట్టుదల. మెరీనా లూప్ రోడ్డులో నొచ్చికుప్పం చేపల మార్కెట్టుకి ముగ్గురం పొద్దున్నే వెళ్ళాం. బండ మీద బూడిద రంగు సొర, ఇసక కాగితంలాంటి చర్మం, పక్కన కత్తిపీట. చేపలమ్మ నా పొట్ట చూసి "పాల్ సురా, పిళ్ళ పెత్తవంగళుక్కు రొంబ నల్లదు" అంది. పాల సొర, బిడ్డను కన్నవాళ్ళకి చాలా మంచిదట. అత్తయ్యకి తమిళం పెద్దగా రాదు గానీ ఆ వాక్యం మాత్రం పూర్తిగా అర్థమైంది, నా వైపు చూసి నవ్వారు.

నేను అప్పటికే అడిగి ఉన్నాను. సొర పెద్ద చేప. చిన్న చేపల్ని తిని, వాటి ఒంట్లోని పాదరసాన్నంతా తన కండలో పోగేసుకుంటుంది. ఎన్నేళ్ళు బతికితే అంత. ఆ పాదరసం బిడ్డ మెదడు మీద పనిచేస్తుంది, పులుసు ఎంత మరిగించినా పోదు. అమెరికా ఎఫ్‌డీఏ అనే ఆహార, మందుల నియంత్రణ సంస్థ వాళ్ళు గర్భిణులు అసలు తినకూడదని చెప్పే చేపల్లో సొర ఒకటి. ఆ జాబితాలోనే కత్తి చేపలాంటి ఇతర పెద్ద వేట చేపలూ ఉంటాయి. అలాగని చేపలే మానేస్తే బిడ్డ మెదడుకు కావలసిన మంచి కొవ్వు పోతుంది. పాదరసం తక్కువున్న చేపలు వారానికి రెండు మూడు సార్లు, అన్నీ కలిపి 225 నుంచి 340 గ్రాములు తినమనే చెబుతారు.

ఇదంతా చేపల మార్కెట్లో నిలబడి అత్తగారికి ఎలా చెప్పాలి? "అత్తయ్యా, సొర ఇంకో సొరను కూడా తింటుందంట, డాక్టరమ్మ చిన్న చేపలు తినమన్నారు" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "చిన్నవంటే నెత్తళ్ళు తీసుకుందాం, ముల్లుతో సహా తినొచ్చు" అని తనే బేరం మొదలుపెట్టారు. ఆ రోజు నెత్తళ్ళు, కనగర్తలు తెచ్చుకున్నాం. వంజరం పెద్ద చేప కాబట్టి ఎప్పుడో ఓసారి ఒక ముక్కతో సరిపెట్టమన్నారు డాక్టరమ్మ. చెరువు కొర్రమీను, చందువా, రొయ్యలు తినొచ్చు. రొయ్యలు వేడి అని అత్తయ్య అన్నారు, తన మాట కూడా ఒకటి నిలవాలి కదా, అది ఒప్పుకున్నాను. నెత్తళ్ళు మామిడికాయ లేని రోజుల్లో చింతపండుతో ఎలా వండాలో ఆవిడ చేతి వంట తిన్నవాళ్ళకే తెలుస్తుంది. ఒక్కో చేప తల గిల్లి, వెన్ను పక్క నుంచి బొటనవేలితో నొక్కి పేగు లాగేసి, రాళ్ళ ఉప్పుతో రుద్ది మూడు నీళ్ళు కడిగేవారు. అరకిలోకి గంట పట్టేది.

అదే నెలలో రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "బియ్యం తింటున్నావా?" అన్నారు. నా గుండె ఆగినంత పనైంది. అది నేను ఎవరికీ చెప్పలేదు. అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు అర గుప్పెడు నోట్లో వేసుకోవడం, ఆ పిండి రుచి, కరకర. మొదట అర గుప్పెడు, తర్వాత టీవీ చూస్తూ చిన్న గిన్నెడు. వాన పడి మట్టి వాసన వస్తే కిటికీ దగ్గర నిలబడేదాన్ని. "బలపాలు, విభూతి, మట్టి కూడా తినేవాళ్ళొస్తారు నా దగ్గరికి. ఇది నీ తప్పు కాదు, ఇనుము తక్కువైనవాళ్ళకి చాలామందికి ఇలా అవుతుంది" అన్నారు. మట్టిలో, బలపాల్లో సీసం ఉండొచ్చు, పురుగుల గుడ్లు ఉండొచ్చు, అవి ఇంకా ప్రమాదం. బియ్యం తింటే కడుపు నిండి అసలు తిండి తగ్గుతుంది.

మాత్ర వేసుకుంటూనే ఉన్నానే, మరి రక్తం ఎందుకు పట్టలేదు? ఎలా వేసుకుంటున్నావని అడిగారు. టిఫిన్ అయ్యాక, ఫిల్టర్ కాఫీతో. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి, మర్చిపోకుండా ఉంటానని. దీనికి మాత్రం ఆవిడ నవ్వారు. కాఫీ, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, కాల్షియం కూడా అంతే. నెల రోజులుగా మాత్ర కొనడం, వేసుకోవడం, బయటికి పంపడం. అప్పటి నుంచి ఐరన్ మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు, నిమ్మరసం నీళ్ళతో. కాల్షియం ఉదయం టిఫిన్ తోనూ, రాత్రి భోజనంతోనూ. కాఫీ రోజుకు రెండు చిన్న గ్లాసులు, మాత్రకు కనీసం గంట ఎడంగా. కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదట, టీ, కోలా, చాక్లెట్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మలం నల్లగా వస్తే కంగారు పడకు అని కూడా ముందే చెప్పారు, చెప్పకపోతే కచ్చితంగా కంగారు పడేదాన్ని.

రక్తం తక్కువన్న మాట ఇంట్లో తెలిసిన రోజు మా ఆయన మేక కార్జం తెచ్చారు. కింద అక్క "సువరొట్టి తెప్పించు, వారంలో రక్తం పడుతుంది" అంది, అంటే మేక తిల్లి. కార్జంలో ఇనుము నిజంగానే ఎక్కువ. కానీ విటమిన్ ఎ కూడా మరీ ఎక్కువ, గర్భిణికి అది మోతాదు మించితే బిడ్డకు లోపాలు రావచ్చు. కార్జం వద్దు, మాంసం బాగా ఉడికించి తిను, గుడ్డు తిను, ఆకుకూర తిను అన్నారు. ఆకుకూరలకు చెన్నైలో కొదవేముంది! పొద్దున్నే బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే కీరై అమ్మ (కీరై అంటే తమిళంలో ఆకుకూర) దగ్గర మునగాకు, అరకీరై, కామంచి ఆకు. మునగాకు పప్పులో దించాక నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. పది వారాల్లో హిమోగ్లోబిన్ 11.1కి వచ్చింది, బియ్యం మీద ఆశ దానంతటదే పోయింది. ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా. తమిళనాడులో కాన్పు అయ్యేవాళ్ళు ప్రైవేటు ఆస్పత్రిలో చూపించుకుంటున్నా సరే, మీ ఏరియా ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించుకుని ఆర్‌సీహెచ్ (తల్లీబిడ్డల ఆరోగ్య నమోదు) నంబరు తీసుకోండి. అది లేకపోతే బిడ్డ జనన ధ్రువపత్రం దగ్గర ఇబ్బంది. నేను ఆధార్, స్కానింగ్ కాగితాలు పట్టుకుని వెళ్తే అరగంటలో అయిపోయింది. అక్కడ నర్సమ్మ నాకు తమిళం సరిగా రాదని చూసి, వచ్చీరాని తెలుగులో "కీరై, గుడ్డు, రోజూ" అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. తొమ్మిది నెలల్లో నేను విన్న సలహాల్లో అతి చిన్నది అదే.

సెప్టెంబరు 7, ఆదివారం, చంద్రగ్రహణం. మధ్యాహ్నం ఒంటి గంట నుంచే సూతకం, ఏమీ తినకూడదని అత్తయ్య. రాత్రి 9:57కి పట్టి 1:26కి విడిచే గ్రహణానికి పన్నెండు గంటలు ఉపవాసం ఉండడం ఐదో నెల గర్భిణికి మంచిది కాదని డాక్టరమ్మ. మా ఆయన మధ్యలో నలిగిపోయారు. చివరికి అత్తయ్యే పెరుగు గిన్నెలో గరిక వేసి, ఎనిమిదిన్నరకి నాకు కడుపు నిండా పెరుగన్నం పెట్టి, మంచి నీళ్ళ చెంబులో కూడా గరిక వేసి మంచం పక్కన పెట్టారు. "దాహం వేస్తే తాగు, నేను చూడలేదనుకో" అన్నారు.

అక్టోబరులో, దీపావళికి వారం ముందు, షుగర్ పరీక్ష. మొదటిసారి చెకప్‌లో చేసినప్పుడు బాగానే వచ్చింది. 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ చేస్తారు. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగాలి. ఖాళీ కడుపుతోనే రానక్కర్లేదు. రెండు గంటలకు రక్తం తీస్తారు, 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భధారణ మధుమేహం. తాగిన అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్ళీ మొదటికి. నేను నిమ్మకాయ వాసన చూస్తూ గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఒక్క పరీక్షతో తేల్చే ఈ తేలిక పద్ధతిని మన దేశంలో ప్రచారంలోకి తెచ్చినవారు చెన్నై డాక్టరు వి. శేషయ్య గారు. ఆయన పుట్టినరోజు మార్చి 10ని దేశంలో గర్భధారణ మధుమేహ అవగాహన దినంగా జరుపుతారు. ఆ సంగతి అక్కడ గోడ మీద పోస్టరు చదివి తెలుసుకున్నాను, రెండు గంటలు ఇంకేం చేస్తాం?

నాది 152.

ఏడ్చాను. మా ఇంట్లో ఎవరికీ లేదు, నేను లావు కాదు, మైసూర్‌పాకు కూడా పెద్దగా తినను. మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవని, నేను ఏదో తప్పు తిన్నందుకు రాలేదని చెప్పి డైటీషియన్ దగ్గరికి పంపారు. రెండు వారాలు తిండి మార్చి చూస్తారు. భోజనమైన రెండు గంటలకు 120 లోపు ఉంటే సరే, లేదంటే మందో ఇన్సులినో. నాకు ఇచ్చిన లెక్క నా ఒంటికి ఇచ్చింది, అదే మీకూ సరిపోతుందనుకోకండి.

అప్పటిదాకా ఏది తినాలన్న గొడవ. ఇప్పుడు ఎంత, దేనితో, ఎప్పుడు. మీటరు కొన్నాం, వేలు పొడుచుకుని పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఐదు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ: 148. మూడు ఇడ్లీలు, రెండు గరిటెల గట్టి సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు: 112. అన్నం సగానికి తగ్గించి ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం తింటే ఒక లెక్క, అన్నంలో పులుసు కలుపుకుని తింటే ఇంకో లెక్క. అందరూ ఆరోగ్యమని పొగిడే రాగి జావ బెల్లంతో తాగితే 161! అదే రాగి సంగటి చిన్న ముద్ద, పక్కన కోడి కూర ఎక్కువగా పెట్టుకుంటే 118. మెత్తగా విసిరి పలచగా కాచింది గబుక్కున రక్తంలోకి పోతుందట. పండు తినొచ్చు, జ్యూస్ వద్దు. సాయంత్రం బిస్కెట్ల బదులు శనగల గుగ్గిళ్ళు, చెన్నైలో సుండల్ అంటే ప్రతి వీధిలో దొరుకుతుంది గానీ నేను ఇంట్లోనే ఉడకబెట్టుకున్నాను. భోజనం అయ్యాక మేడ మీద పదిహేను నిమిషాలు నడక. ఇద్దరి కోసం తినాలన్న మాట ఎంతమంది అన్నారో! ఆ అదనం రోజుకు 350 కేలరీలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు అనుకుంటే దాదాపు సరిపోయింది.

ఇంతలో అమ్మ ఏడో నెల చలిమిడి తీసుకుని వచ్చింది. తడి బియ్యం దంచిన పిండి, బెల్లం పాకం, నెయ్యి, పైన కొబ్బరి ముక్కలు. ఒంగోలు నుంచి డబ్బాను ఒళ్ళో పెట్టుకుని రైల్లో వచ్చింది. ఆడపిల్లకు కడుపు చలవ అని పెట్టేది, వద్దంటే తల్లి మనసు ఏమవుతుంది? నేను షుగర్ పుస్తకం చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పేజీలన్నీ తిప్పి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివింది. ఏమీ అనలేదు. ఒళ్ళో చలిమిడి పెట్టే తంతు పూర్తిగా చేసి, అందులోంచి ఉసిరికాయంత ముద్ద తీసి నా నోట్లో పెట్టి, మిగిలిందంతా ముత్తైదువులకు పంచేసింది. రెండు గంటలకు తనే మీటరు తెచ్చి నా వేలు పట్టుకుంది. 116. "చూశావా, మీ అమ్మ చేతి చలిమిడి" అంది.

ఇన్సులిన్ అవసరం రాలేదు. డిసెంబరు వానల్లో ఇంటిల్లిపాదికీ జలుబు చేస్తే కింద అక్క నిలవేంబు (నేలవేము) కషాయం తెచ్చింది, అది గర్భిణులు తాగకూడదని ఫోన్‌లో కనుక్కుని మా ఆయనకు పోశాను. కుంకుమ పువ్వు పాలల్లో రెండు రేకలు వేసుకున్నాను, రుచి కోసం. పాప రంగు నాన్న వైపు నుంచి వచ్చింది, ఆ డబ్బులు మిగుల్చుకోవాల్సింది.

జనవరి చివర్లో కాన్పు. 2.9 కిలోలు, నార్మల్. మర్నాడు నాకూ పాపకీ షుగర్ బాగానే ఉందని చెప్పి, ఆరు వారాలకు మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. డిశ్చార్జి కాగితాలతో పాటు బాలింత ఏం తినాలో ఒక షీటు ఇచ్చారు. ఒక పక్క అమ్మ, ఒక పక్క అత్తయ్య, మధ్యలో నేను పాపను పట్టుకుని. అత్తయ్య నన్ను చదవమన్నారు. పప్పులు, పాలు, పెరుగు, ఆకుకూరలు, అన్ని పండ్లు, మూడు లీటర్ల నీళ్ళు అని చదివాను. పెరుగు అనగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెళ్ళైన ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడింది అప్పుడే చూశాను.

"అంతేనా? వెల్లుల్లి కారం రాయలేదే" అంది అమ్మ.

"పాల సొర కూడా లేదు" అన్నారు అత్తయ్య. "ఇప్పుడు బిడ్డ బయటికొచ్చేసింది కదమ్మా, ఇంకోసారి అడిగి చూడు."

వెళ్ళి అడిగాను. పాలిచ్చినన్నాళ్ళూ వద్దన్నారు.